మానసిక సమస్యలకు వీడియో కన్సల్టేషన్: కుటుంబ వైద్యులు ఎక్కడ ఆగిపోతున్నారు?

నాడిపట్టు (చర్చ ప్రారంభించినవారు, కుటుంబ వైద్యుడు)

సభ్యులందరికీ నమస్కారం. తలనొప్పి అనో, నిద్ర పట్టడం లేదనో, ఛాతీలో బరువుగా ఉందనో నా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి అసలు బాధ కుంగుబాటో ఆందోళనో అయి ఉంటుందని, వైద్యవృత్తిలో ఉన్న సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. వారిని మానసిక వైద్యుల దగ్గరికి పంపిస్తే నిజంగా వెళ్లేవారు కొందరే. వెళ్లదలచినవారికి కూడా అపాయింట్‌మెంట్ దొరికేసరికి వారాలు గడిచిపోతాయి. వీడియో కన్సల్టేషన్ ఈ ఖాళీని పూడుస్తుందని చాలాకాలంగా వింటున్నాం. అయితే తోటి కుటుంబ వైద్యులను కదిపి చూస్తే, రక్తపోటు మందు సరిచూడటానికో రక్తపరీక్ష ఫలితం వివరించడానికో వీడియోలో మాట్లాడటానికి అభ్యంతరం లేనివారే, మానసిక సమస్య అనగానే వెనక్కి తగ్గుతున్నారు. మాటే ప్రధానమైన వైద్యానికి తెర పెద్ద అడ్డంకి కాకూడదని పైకి అనిపిస్తుంది. ఆచరణ అందుకు విరుద్ధంగా ఉంది.

వీడియో మంచిదా చెడ్డదా అనే వాదన కాకుండా, ఏ సందర్భంలో మీరు ఒప్పుకుంటారు, ఏ సందర్భంలో ఒప్పుకోరు, ఎందుకు అన్నది వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

సందేహి (కుటుంబ వైద్యుడు)

నాడిపట్టు గారూ, వెనకాడేవారిలో నేనూ ఒకణ్ణి కాబట్టి కారణాలు చెబుతాను. యంత్రాలంటే భయం వాటిలో లేదు.

మొదటి కారణం, కుంగుబాటులా కనిపించేదంతా కుంగుబాటు కాకపోవడం. థైరాయిడ్ మందగించినవారు, రక్తహీనత ఉన్నవారు, నిద్రలో ఊపిరి ఆగుతూ ఉండే జబ్బుతో రాత్రంతా సరిగా నిద్రపోనివారు అచ్చంగా అవే మాటలు చెబుతారు: ఓపిక లేదు, దేనిమీదా మనసు పోవడం లేదు, పొద్దున లేవబుద్ధి కావడం లేదు. మెడ తడిమి, కనురెప్ప కింద చూసి, బరువు తూచి నేను తెలుసుకునేది తెరమీద తెలియదు. లోపలికి నడిచి వచ్చిన తీరు, చేతి వణుకు, శ్వాసలో మద్యం వాసన, ఇవన్నీ రోగి నోరు విప్పకముందే నాకు అందే సమాచారం.

రెండవ కారణం ఇంకా బరువైనది. కుంగుబాటు తీవ్రతను కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9లో ఆఖరి ప్రశ్న చావు గురించిన, తనకు తాను హాని చేసుకోవడం గురించిన ఆలోచనలకు సంబంధించినది. ఆ ప్రశ్నకు "దాదాపు ప్రతిరోజూ" అని జవాబిచ్చిన మనిషి నా గదిలో ఉంటే నేను తలుపు వేసి, మిగతా ఓపీ ఆపి, ఇంటివారిని పిలిపించి, అవసరమైతే ఆసుపత్రికి పంపగలను. అదే జవాబు తెరమీద వచ్చి, మరుక్షణం లైన్ తెగిపోతే నేనేం చేయాలి? ఆ మనిషి ఎక్కడ ఉన్నాడో కూడా నాకు తెలియకపోవచ్చు.

గణకుడు (ఆరోగ్య సేవల పరిశోధన)

సందేహి గారి రెండు కారణాలూ బలమైనవే. అయితే "వీడియో కన్సల్టేషన్" అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయనీ, వాటిని విడదీయకుండా వైద్యులను "మీకు సమ్మతమేనా" అని అడిగితే వచ్చే జవాబుకు అర్థం ఉండదనీ నా అభిప్రాయం.

మొదటి ఏర్పాటులో రోగి ఇంట్లో ఉంటారు, కుటుంబ వైద్యుడు క్లినిక్‌లో ఉండి తానే మాట్లాడతారు. సందేహి గారి అభ్యంతరాలు దీనికి వర్తిస్తాయి. రెండవ ఏర్పాటులో రోగి కుటుంబ వైద్యుని క్లినిక్‌కే వస్తారు; అక్కడ ఒక గదిలో కూర్చుంటే మానసిక వైద్యులో చికిత్సకులో తెరమీదికి వస్తారు. ఇక్కడ మెడ తడమడానికి, బరువు తూచడానికి, లైన్ తెగితే తలుపు తీసి లోపలికి వెళ్లడానికి మీరు అక్కడే ఉంటారు.

ఈ రెండో దారి కొత్తది కూడా కాదు. అమెరికాలోని నెబ్రాస్కా సైకియాట్రిక్ ఇన్‌స్టిట్యూట్‌లో 1959లోనే రెండువైపులా కనిపించే క్లోజ్డ్ సర్క్యూట్ టెలివిజన్‌తో మానసిక చికిత్స మొదలుపెట్టారు. 1964 నాటికి దాన్ని 112 మైళ్ల దూరంలోని నార్‌ఫోక్ ప్రభుత్వ ఆసుపత్రితో కలిపారు. నాణ్యమైన పోలిక కావాలంటే కెనడాలోని ఒంటారియోలో జరిగి 2007లో ప్రచురితమైన అధ్యయనం ఉంది. కుటుంబ వైద్యులు రిఫర్ చేసిన 495 మందిలో ఎవరు మానసిక వైద్యుణ్ణి ఎదురెదురుగా కలవాలి, ఎవరు వీడియోలో కలవాలి అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు; ఫలితాలు సమానంగా వచ్చాయి. జర్మనీలో కుంగుబాటు, ఆందోళన ఉన్న 376 మందితో, కుటుంబ వైద్యుల క్లినిక్‌లతో అనుసంధానించి నడిపిన ప్రొవైడ్ అధ్యయనం 2024లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. అయిదు వీడియో సమావేశాలు జరిపినవారిలో లక్షణాలు, మామూలు వైద్యం అందినవారికంటే ఎక్కువగా తగ్గాయి. ఆ తేడా చిన్నదే. కానీ ఆ అయిదు సమావేశాలూ లేకపోతే వారిలో కొందరికి నిపుణుల సాయం అంది ఉండేది కాదేమోనన్నది కూడా గుర్తుంచుకోవాలి.

నిదానం

నేను వైద్యవృత్తికి చెందినవాణ్ణి కాను. కుంగుబాటుకు చికిత్స తీసుకున్న రోగిగా, గణకుడు గారు చెప్పిన రెండు పద్ధతులూ చూసినవాడిగా రాస్తున్నాను.

ఇంటినుంచి మాట్లాడటం సౌకర్యమని అందరూ అనుకుంటారు. నా బాధలో సగం ఆ ఇంట్లోనే ఉన్నప్పుడు, పక్కగదిలో ఇంటివారు ఉండగా, గొంతు తగ్గించుకుని నేను డాక్టరుగారికి ఏం చెప్పగలను? ఆయన "ఇప్పుడు ఎలా ఉంది" అని అడిగితే "పర్వాలేదు" అనేవాణ్ణి. ఆ మాట తెరమీద ఆయనకు మెరుగుదలలాగే కనిపించి ఉంటుంది.

తర్వాత మా కుటుంబ వైద్యుని క్లినిక్‌లోనే ఒక గదిలో కూర్చోబెట్టి మానసిక వైద్యురాలితో వీడియోలో మాట్లాడించారు. అక్కడికి నేను జలుబుకూ వెళ్తాను, టీకాకూ వెళ్తాను. ఎవరు చూసినా ఎందుకు వచ్చావని అడగరు. మానసిక వైద్యశాల బోర్డు కింద నడవలేక నేను ఎంతోకాలం వాయిదా వేసిన చికిత్స అలా మొదలైంది. డాక్టర్లు తమకు ఏది కుదురుతుందో చర్చించుకునేటప్పుడు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలని నా మనవి.

మనోవైద్య (మానసిక వైద్యురాలు)

నిదానం గారు చెప్పినది నాకు తెరకు ఇవతలివైపునుంచి తెలుసు. ఇంట్లో ఉన్నవారితో మాట్లాడేటప్పుడు మొదట నేను అడిగేది, అవుననో కాదనో చెబితే సరిపోయే ప్రశ్న: "మీరు ఇప్పుడు ఏకాంతంగా ఉన్నారా?" అవునన్నా వెంటనే నమ్మను. ఇంట్లో హింస ఎదుర్కొంటున్నవారి పక్కనే, కెమెరాకు కనిపించకుండా, ఆ హింసకు కారకులు కూర్చుని ఉండే అవకాశం ఉంది. అనుమానం కలిగితే ఆ విషయం అక్కడితో ఆపి, రక్తపరీక్ష నెపంతోనైనా క్లినిక్‌కు రప్పించమని కుటుంబ వైద్యుణ్ణి కోరతాను.

సందేహి గారి రెండో ప్రశ్నకు జవాబు కొంతవరకు క్రమశిక్షణలోనే ఉంది. ప్రతిసారీ, పాత రోగి అయినా సరే, మాట మొదలుపెట్టేముందే ఆ క్షణంలో ఉన్న చోటు చిరునామా, లైన్ తెగితే పిలవవలసిన ఫోన్ నంబరు, దగ్గరలో ఉండే ఒక మనిషి పేరు రాసుకోవాలి. ఆసుపత్రి రికార్డులో ఉన్న చిరునామా చాలదు. ఆ రోజు ఆయన వేరే ఊళ్లో ఉండవచ్చు. ఈ మూడూ ఇవ్వడానికి ఇష్టపడనివారితో నేను వీడియో కొనసాగించను.

వీడియోలో పరీక్షించడంలో మరొక చిక్కు ఉంది. దీన్ని ఎవరూ అంతగా ప్రస్తావించరు. తీవ్రమైన కుంగుబాటులో ప్రశ్నకూ జవాబుకూ మధ్య వ్యవధి పెరుగుతుంది, ముఖంలో కదలిక తగ్గుతుంది, చూపు కిందికి వాలుతుంది. నెట్‌వర్క్ మందగించినా జవాబు ఆలస్యంగా వస్తుంది, బొమ్మ నాణ్యత తగ్గితే ముఖంలో కదలికలు చెరిగిపోతాయి, కెమెరా తెరకు పైన ఉండటంవల్ల అందరి చూపూ కిందికే వాలినట్టు కనిపిస్తుంది. అంటే వ్యాధి లక్షణాన్నీ యంత్ర లోపాన్నీ ఒకదానికొకటిగా పొరబడే ప్రమాదం ఉంది. అందుకే మొదటి రెండు నిమిషాలు బాధతో సంబంధం లేని మాటలు మాట్లాడి, ఆ లైన్‌లో మామూలు ఆలస్యం ఎంతో అంచనా వేసుకుంటాను.

కొత్తచిగురు (వైద్య విద్యార్థిని)

చిన్న సందేహం. ఇన్ని చిక్కులున్నప్పుడు ఫోన్ చాలదా అండీ? గొంతు వింటే చాలదా?

గణకుడు

మంచి ప్రశ్న. నిజానికి చాలాచోట్ల కుటుంబ వైద్యులు చేస్తున్నది అదే. 2020 తర్వాత బ్రిటన్‌లో దూరవైద్యం ఎంతగా పెరిగినా, కుటుంబ వైద్యుల విషయంలో అందులో అత్యధిక భాగం ఫోన్‌దే; వీడియో వాటా చాలా స్వల్పంగానే మిగిలింది. ఫోన్‌కు లింకు పంపనక్కరలేదు, ఎవరూ తయారై కూర్చోనక్కరలేదు, ఒకరి తర్వాత ఒకరికి వెంటవెంటనే చేయవచ్చు. తెలిసిన రోగికి మందు ఎలా పడుతోందో కనుక్కోవడానికి అది చాలు. మొదటిసారి నిర్ధారణకు, భ్రాంతులు ఉన్నాయేమోనన్న అనుమానానికి, బరువు తగ్గిపోతున్నవారిని చూడటానికి చాలదు.

మనోవైద్య

ఒక్క మాట కలుపుతాను. తీవ్ర ఆందోళన ఉన్న కొందరు ముఖం చూపించవలసిన అవసరం లేనప్పుడే మనసు విప్పుతారు. వారికి ఫోన్ రెండో తరగతి వైద్యం కాదు.

వెన్నెల (క్లినిక్ నర్సు)

డాక్టర్ల చర్చలో ఎక్కడా కనిపించని పని గురించి రాస్తాను. వీడియో గది అంటే కంప్యూటర్ పెట్టిన గది అని అనుకుంటారు. ఆ గది గోడలు మాట బయటికి పోనివిగా ఉండాలి, లేకపోతే హెడ్‌ఫోన్ ఇవ్వాలి. హెడ్‌ఫోన్ ఇచ్చినా రోగి మాట మాత్రం బయటికి వినబడుతుందని చాలామంది మరిచిపోతారు. రోగి ముఖంమీద వెలుతురు పడాలి, కిటికీ వెనకవైపు ఉండకూడదు. అవతలి వైద్యులు ఆలస్యమైతే రోగితో ఎవరు కూర్చోవాలి? మాట్లాడి, ఏడ్చి బయటికి వచ్చిన మనిషిని వెంటనే నిండుగా ఉన్న వరండాలోకి పంపేస్తామా? ఈ ప్రశ్నలకు జవాబు లేని క్లినిక్‌లో డాక్టరుగారు ఎంత ఉత్సాహపడినా, నెల తిరిగేసరికి ఆ గదిలో మందుల పెట్టెలు చేరతాయి.

నేను చూసినంతలో, ఈ పని ఒక మనిషికి ప్రత్యేకంగా అప్పగించిన చోటే నడుస్తోంది. డాక్టరుగారే లింకు పంపి, డాక్టరుగారే కెమెరా సరిచేసుకునే చోట నడవడం లేదు.

గణకుడు

వెన్నెల గారి మాటకు పరిశోధనలో గట్టి ఆధారమే ఉంది. 2002లో ప్రచురితమైన ఇంపాక్ట్ అధ్యయనంలో 60 ఏళ్లు, ఆపై వయసున్న 1801 మంది కుంగుబాటు రోగులు పాల్గొన్నారు. అందులో తేడా తెచ్చినది క్లినిక్‌లోనే ఉండి రోగిని క్రమంగా కనిపెట్టుకుని ఉండే ఒక సంరక్షణ నిర్వాహకురాలు. మానసిక వైద్యులు ఎక్కువగా ఆమెకు, కుటుంబ వైద్యునికి వెనకనుంచి సలహా ఇచ్చారు. ఏడాది తర్వాత లక్షణాలు సగమో అంతకంటే ఎక్కువో తగ్గినవారు ఈ పద్ధతిలో 45 శాతం, మామూలు వైద్యంలో 19 శాతం. అక్కడ వీడియో ప్రధానం కాదు. మనుషుల అమరిక సరిగా ఉంటే వీడియో దానిమీద నిలుస్తుంది. అమరిక లేనిచోట వీడియో దాన్ని పుట్టించలేదు.

సందేహి

గణకుడు గారు చెప్పిన రెండో ఏర్పాటుకు నా మొదటి అభ్యంతరం చాలావరకు వర్తించదని ఒప్పుకుంటాను. అయితే నన్ను నిజంగా ఆపుతున్న ప్రశ్న ఇంకొకటి ఉంది; మర్యాదకోసం ఎవరూ అడగడం లేదు కాబట్టి నేనే అడుగుతాను. మందు చీటీమీద సంతకం ఎవరిది?

మానసిక వైద్యులు తెరమీద ముప్పావుగంట మాట్లాడి, "ఫలానా మందు మొదలుపెట్టండి" అని చెప్పి వెళ్లిపోతారు. రాసేది నేను. పదో రోజున రోగి నిద్రలేకుండా, కుదురులేకుండా, మరింత దిగులుతో వస్తే చూసేది నేను. మనోస్థితిని నిలకడగా ఉంచే లిథియం అనే మందు రాస్తే రక్తంలో దాని మోతాదు, మూత్రపిండాలు, థైరాయిడ్ చూస్తూ ఉండవలసినదీ నేనే. జరగరానిది జరిగితే జవాబు చెప్పవలసినదీ నేనే. వారు ఇచ్చినది సలహా, నేను చేసినది చికిత్స అని ఫైలులో ఉంటుంది. ఇది వీడియో కన్సల్టేషన్‌పై అయిష్టత కాదు. బాధ్యత ఒకవైపు, నిర్ణయం మరొకవైపు ఉండటంపై అయిష్టత.

నాడిపట్టు

సందేహి గారూ, నేను ఈ చర్చ మొదలుపెట్టింది ఈ మాట కోసమే. నేను కదిపిన తోటి వైద్యులు "నెట్‌వర్క్ బాగుండదు", "సమయం లేదు" అని పైపైన చెప్పినా, లోతుగా అడిగితే చివరికి చేరేది ఇక్కడికే.

మనోవైద్య

సందేహి గారి ఆరోపణలో న్యాయం ఉంది. మావైపు కొందరు అలాగే చేస్తారు. సలహా ఇచ్చి మాయమయ్యే నిపుణులతో పనిచేయడానికి నిరాకరించే హక్కు కుటుంబ వైద్యునికి ఉండాలని నేను అనుకుంటాను.

అయితే కుటుంబ వైద్యుడే మందు రాస్తే ఫలితం తగ్గుతుందన్న భయానికి ఆధారం కనిపించదు. 2021లో జామా సైకియాట్రీ అనే అమెరికా పత్రికలో వచ్చిన స్పిరిట్ అధ్యయనంలో, కుంగుబాటు కంటే క్లిష్టమైన బైపోలార్ సమస్య (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి రావడం) గానీ, తీవ్ర ఆఘాతం తర్వాతి మానసిక సమస్య గానీ ఉండవచ్చని ప్రాథమిక పరీక్షల్లో తేలిన 1004 మందిని రెండు విధాలుగా చూశారు. ఒక విధంలో నిపుణులే వీడియోలో చికిత్స మొత్తం చేపట్టారు. రెండో విధంలో నిపుణుల సలహాతో, క్లినిక్ బృందం సాయంతో కుటుంబ వైద్యులే మందులు రాశారు. రెండు విధాల్లోనూ రోగులు చెప్పుకోదగినంత మెరుగయ్యారు, ఆ రెండు విధాల మధ్య ఫలితంలో తేడా తేలలేదు. అంటే మీరు రాసిన మందు మేము రాసినదానికి తీసిపోలేదు. షరతు ఒక్కటే: వెనక మేము నిజంగా ఉండాలి.

నేను పాటించే పద్ధతి చెబుతాను, నచ్చితే తీసుకోండి. సమావేశం ముగిసేముందు ఆఖరి అయిదు నిమిషాలు కుటుంబ వైద్యుణ్ణి కూడా గదిలోకి పిలిపిస్తాను. రోగి ఎదుటే ముగ్గురం మాట్లాడుకుంటాం: ఏ మందు, ఏ మోతాదు, ఏ ఇబ్బంది కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఏ పరీక్ష ఎప్పుడు. ఆ రోజే నా పేరుతో, నా సంతకంతో లిఖితపూర్వకంగా పంపిస్తాను. కుంగుబాటు మందు మొదలుపెట్టిన తొలి వారాలను, ముఖ్యంగా 25 ఏళ్లలోపు వారి విషయంలో, నేనే వీడియోలో కనిపెట్టుకుంటాను. ఆ వయసువారిలో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరిక ఆ మందులమీద ఊరికే లేదు.

నిర్వాహకులు

చర్చ చక్కగా సాగుతోంది. రోగులను గుర్తుపట్టే వీలున్న వివరాలు రాయవద్దని మనవి.

గణకుడు

వీడియో పట్ల వైద్యుల "సుముఖత"ను కొలవడం గురించి ఒక హెచ్చరిక చేయకుండా ఉండలేను. ఒక పరికరం తమకు ఉపయోగపడుతుందని, వాడటం తేలికని అనుకున్నవారు దాన్ని వాడటానికి ఇష్టపడతారన్న సాంకేతికత అంగీకార నమూనాను ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రతిపాదించారు. వైద్యులను వీడియో గురించి అడిగే సర్వేలు ఎక్కువగా దాని చుట్టూనే తిరుగుతాయి. వైద్యుని విషయంలో అది సగం నిజమే. సందేహి గారికి వీడియో ఉపయోగమని తెలుసు, వాడటమూ వచ్చు, అయినా వాడరు. ఆ నమూనాలో బాధ్యతకు చోటు లేదు. పైగా అలాంటి సర్వేలకు ఓపికగా జవాబిచ్చేవారు సాధారణంగా ఆ విషయంమీద ముందే ఆసక్తి ఉన్నవారు కాబట్టి, "ఇంత శాతం సుముఖం" అన్న అంకెలను కాస్త తగ్గించి చదువుకోవడం మేలు.

నియమాలు కూడా సుముఖతను మారుస్తాయి. ముందుగా ముఖాముఖి చూడని రోగికి కేవలం దూరంనుంచి చికిత్స చేయడంపై వృత్తినియమావళిలో ఉన్న నిషేధాన్ని జర్మన్ వైద్యుల మహాసభ 2018లో సడలించింది. ఆస్ట్రేలియా 2020 జూలైలో, కొన్ని మినహాయింపులతో, గత 12 నెలల్లో ఒక్కసారైనా ఎదురుగా చూసిన రోగులకే కుటుంబ వైద్యుల దూరవైద్యానికి ప్రభుత్వ బీమా చెల్లింపును పరిమితం చేసింది. తెలిసిన రోగి అయితేనే తెర పనికొస్తుందన్న సందేహి గారి మాటల్లో ధ్వనించే భావమే ఆ రెండో నియమంలో ఉంది.

సందేహి

మనోవైద్య గారు చెప్పిన ఆఖరి అయిదు నిమిషాల పద్ధతి మా క్లినిక్‌లో ఉంటే నేను రిఫర్ చేస్తాను. ఇంట్లో ఉన్న కొత్త రోగిని, మానసిక సమస్యకు, మొదటిసారే వీడియోలో చూడటానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. అది మారుతుందని కూడా అనుకోను. ఆ అయిదు నిమిషాలకు నా ఓపీ మధ్యలో లేచి రావాలి, దానికి ఎవరూ చెల్లించరు అన్నది కూడా రికార్డు కోసం రాసి పెడుతున్నాను.

వెన్నెల

సందేహి గారూ, ఆ అయిదు నిమిషాలు ఓపీ మధ్యలో కాకుండా, ఓపీ మొదలుకాకముందు పడేలా వీడియో సమావేశాన్ని ఆ రోజు మొదటి పనిగా పెట్టుకోండి. మా దగ్గర అలాగే కుదిరింది. అవతలి వైద్యులు ఆలస్యం చేస్తే మాత్రం ఆ రోజు పనులన్నీ వెనక్కి జరిగిపోతాయి.

నాడిపట్టు

మా క్లినిక్‌లో ఇలా ప్రయత్నించాలనుకుంటున్నాను. మొదటిసారి ఎప్పుడూ నేనే ఎదురుగా చూసి, శరీర పరీక్ష, అవసరమైన రక్తపరీక్షలు చేసి, పీహెచ్‌క్యూ-9 నింపిస్తాను. మొత్తం 27 పాయింట్లలో 10 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినవారిలో, ఒప్పుకున్నవారికి క్లినిక్ గదినుంచి మానసిక వైద్యులతో వీడియో ఏర్పాటు చేస్తాం. తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే నేను విడిగా మాట్లాడతాను. వీడియో తేదీ కోసం ఆగను. ఇంటినుంచి వీడియో లేదా ఫోన్, మందు కుదిరిన తర్వాతి ఫాలోఅప్‌లకు మాత్రమే, అదీ రోగి కోరితేనే.

మనోవైద్య గారిని ఒకటి అడగాలి. సమావేశం మధ్యలో రోగి లేచి వెళ్లిపోతే, తెరమీద ఉన్న మీరు మాకు ఎలా తెలియజేస్తారు?

మనోవైద్య

ఆ గదికి కాకుండా వేరే నంబరుకు, అంటే వెన్నెల గారిలాంటివారి చేతిలో ఉండే ఫోన్‌కు, వెంటనే చేస్తాను; సమావేశం నడుస్తున్నంతసేపూ ఆ ఫోన్ ఎవరో ఒకరు ఎత్తేలా ఉండాలని ముందే ఒప్పందం చేసుకుంటాను. మొదటి రోగిని కూర్చోబెట్టకముందే ఒకసారి ఆ నంబరుకు చేసి చూడండి. రిసెప్షన్ నంబరు ఇచ్చిన చోట్ల, ఓపీ రద్దీలో అది ఎవరూ ఎత్తకపోవడం నేను చూశాను.